స్టాపు దాటి దిగే మేడం

పైడితల్లమ్మ పండగకి విజయనగరం వెళ్ళినప్పుడు, ఎగ్జిబిషన్‌లో ఒక గుడారం ముందు మా అమ్మాయి ఆగిపోయింది. గుడారం గుడ్డ మీద పళ్ళికిలించిన దెయ్యం బొమ్మ. లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో జనం వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి కళ్ళకీ ఒక నల్లటి డబ్బా కట్టి ఉంది. వాళ్ళు చేతులు గాల్లో ఊపుతూ "ఓలమ్మో, ఓలమ్మో" అని కేకలేస్తుంటే, చుట్టూ నిలబడ్డవాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు.

సిరి వంతు వచ్చింది. గుడారం కుర్రాడు డబ్బా అందించబోతే అది తల వెనక్కి తీసుకుంది.

"అన్నా, ముందు అద్దాలు తుడువు."

"తుడిసినానమ్మా, పొద్దున్నే."

"మళ్లీ తుడువు. మసగ్గా ఉంటే మామూలు మనుసులు కూడా దెయ్యాల్లాగే ఉంటారు."

నలుగురూ నవ్వారు. కుర్రాడు కూడా నవ్వి, చొక్కా అంచుతో అద్దాలు తుడిచి ఇచ్చాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ముక్కు చీదుకుంటూ పక్కకి తిరిగాను. ఆ మాట మా ఇంట్లో పుట్టింది కాదు. మొదట అన్నావిడ పేరు నేనిక్కడ రాయను. రాశానంటే, ఇప్పుడు పనిచేస్తున్న జిల్లాలోనే ఏ బల్ల కిందో దూరి కూర్చుంటారు. మేమంతా మేడం అనే పిలిచేవాళ్ళం. ఇక్కడా మేడమే.

మేడం గురించి చెప్పే ముందు నా నోరు గురించి చెప్పాలి. మాది గరివిడి. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తారు, నేను ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతాను. కుట్టుమిషను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ నా గొంతు రైలు గేటు అవతలికి వినపడుతుందని మా వీధిలో పేరు. మా అత్తగారైతే ఒక అడుగు ముందుకేసి, "నీకు పోసిన వసలో సగం నీ కూతురికి పోసినా సరిపోనే, ఇలగయ్యుండదు" అనేది. మాటలు బాగా రావాలని పసిపిల్లల నాలిక్కి రాసే వస గురించి ఆవిడ గోల. ఆవిడ అన్నదాంట్లో ఎకసెక్కెం ఉన్నా అబద్ధం లేదు.

ఎందుకంటే సిరి మాట్లాడదు. ఇంట్లో మాట్లాడుతుంది, బాగానే మాట్లాడుతుంది. నేను కత్తిరించి పడేసిన గుడ్డ ముక్కల్ని నేల మీద వరసగా పేర్చి, వాటికి పాఠాలు చెప్పి, గొడవ చేసిన ముక్కని గోడకేసి నిలబెట్టేది. గడప దాటిందంటే నోరు కుట్టేసినట్టే. మూడో తరగతి దాకా మా వీధి చివర చిన్న బళ్ళో ఉన్నన్నాళ్ళూ ఇలా లేదు. నాలుగో తరగతికి ఇంగ్లీషు మీడియంలో వేశాం. నెల తిరక్కుండా ఇది మొదలైంది. కిరాణా కొట్లో ఉప్పు ప్యాకెట్టు అడగదు. బంధువులొచ్చి పేరడిగితే నా చీర కుచ్చిళ్ళ వెనక్కి వెళ్ళిపోతుంది.

సిగ్గులే, పెద్దయితే అదే పోతుంది అనుకున్నాం. పోనిది ఇంకోటి ఉంది. నీళ్ళ సీసా. పొద్దున్న నిండుగా వెళ్ళి సాయంత్రం నిండుగా వచ్చేది. అడిగితే "దాహమెయ్యలేదు" అనేది. ఎండాకాలంలో కూడా! తర్వాత జ్వరం వచ్చింది, ఒంటికి వెళ్తే మంటని ఏడ్చింది. మందులతో తగ్గింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆసుపత్రిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. పిల్లల డాక్టరు నన్ను బయటికి పిలిచి, "ఇలా నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పాడవుతాయమ్మా. మందివ్వడం నా పని. ఈ పిల్ల చేత నీళ్ళు తాగించడం నా వల్ల కాదు" అని, పిల్లల భయాలు పోగొట్టే ఒకావిడ అడ్రసు చెప్పారు. పాసింజరు రైలెక్కి విజయనగరం వెళ్ళాం. మా అత్తగారు మాత్రం "పిచ్చి డాక్టరు దగ్గరికా" అని గుమ్మం దాకా వచ్చి శాపనార్థాలు పెట్టింది.

మేడం గది రోడ్డు పక్క మేడ మీద. మేం వెళ్ళేసరికి తాళం. వరండాలో నిలబడి రోడ్డు చూస్తున్నాం. ఒక బస్సు మా ముందునుంచే కాంప్లెక్సు బస్టాండు వైపు పోయింది. కిటికీ దగ్గర ఒక బక్కపల్చటి ఆవిడ, చేతిసంచి గుండెలకి హత్తుకుని, మేడ వంక దిగులుగా చూస్తూ వెళ్ళిపోవడం నాకు గుర్తుంది. కాసేపటికి అదే మనిషి ఎండలో చెమటలు కక్కుకుంటూ కాంప్లెక్సు వైపునుంచి నడిచొచ్చి, మెట్లెక్కి తాళం తీశారు.

"సారీ అండీ. బస్సు కొంచెం..." అన్నారు. తర్వాతి మాట నాకు వినపడలేదు.

"బస్సు టైముకే వొచ్చింది కదా మేడం! ఇందాక మా కల్ల ముందునుంచే ఎల్లిపోనారు. ఇక్కడ దిగలేదేటి?"

ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. చెయ్యి తాళంచెవి మీదే ఉండిపోయింది. సిరి నా చీర వదిలి, ఆవిడ మొహంలోకి చూసింది. బయటి మనిషి మొహంలోకి మా పిల్ల అలా చూసి ఎన్నాళ్ళయిందో.

మేడం ఎప్పుడూ పిల్లలకి ఎదురుగా కూర్చోరు. కుర్చీ పక్కకి వేసుకుని, ఇద్దరూ కిటికీ వైపు చూసేలా కూర్చుంటారు. మాట్లాడేటప్పుడు వాక్యం సగంలో వదిలేస్తారు, మిగతా సగం మనమే పూరించుకోవాలి. పుస్తకాల తెలుగు మాట్లాడినంతసేపూ ఆ గొంతు చెవి దగ్గర దోమంత. ఎప్పుడైనా మైమరచి సొంత యాసలో పడితే మాత్రం ఒక్కసారిగా గది నిండిపోయేది. వాళ్ళది పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డున ఊరు. అలల పక్కన పుట్టిన మనిషికి అంత సన్నటి గొంతేమిటని నాకు ఆశ్చర్యం.

మొదటి రోజు చేసిన పని చూసి నాకు ఒళ్ళు మండింది. కూజాలోంచి గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకటి తాను తాగి, ఒకటి సిరి పక్కన పెట్టారు. "అదిగో బాత్రూం. ఇక్కడ ఎవర్నీ అడగక్కర్లేదు, లేచి వెళ్ళిపోవడమే" అన్నారు. తర్వాత ఇద్దరూ కిటికీలోంచి తీగ మీద వాలిన కాకుల్ని చూస్తూ కూర్చున్నారు. అయిపోయింది, మళ్ళీ వారం రమ్మన్నారు. కాకుల్ని చూడ్డానికి గరివిడినుంచి రైలెక్కి రావాలా అని దారంతా గొణుక్కున్నాను. అయితే గ్లాసు ఖాళీ అయిన సంగతి ఇంటికెళ్ళాక గానీ గుర్తు రాలేదు.

సిరి ఆవిడతో మాట్లాడేది కాదు. నా చెవిలో ఊదేది, నేను పైకి చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి మేడం ఒక నియమం పెట్టారు. "సిరి వాళ్ళమ్మగారూ, సిరి ఎంత గొంతుతో చెబితే మీరూ అంతే గొంతుతో..." అని ఆపేశారు. నాకు అదెంత శిక్షో మా వీధివాళ్ళని అడిగితే తెలుస్తుంది. గుసగుసలాడాలని ప్రయత్నిస్తే దగ్గొచ్చేది. నా అవస్థ చూసి మా పిల్ల కిసుక్కున నవ్వేది. అదీ ఒక వైద్యమేనని తర్వాత అర్థమైంది.

డబ్బా అప్పుడు వచ్చింది. ఫోన్లలో నెట్ పప్పుబెల్లాల్లా పంచిపెట్టిన రోజులవి. లోపల రెండు అద్దాలున్న నల్లటి డబ్బా, దాంట్లో ఫోను దూర్చి కళ్ళకి కట్టుకుంటే, మనం ఉన్న గది మాయమై వేరే చోటు చుట్టూ పరుచుకుంటుంది. తల ఎటు తిప్పితే అటు కనిపిస్తుంది. వర్చువల్ రియాలిటీ అంటారని మేడం చెప్పారు. సిరి దానికి కళ్ళడబ్బా అని పేరు పెట్టింది. మా ఇంట్లో ఇప్పటికీ ఆ పేరే. జనంలో బెదిరిపోయే పిల్లల్ని ముందు డబ్బాలోని జనంలో కూర్చోబెట్టి, భయం తగ్గాక నిజం జనంలోకి తీసుకెళ్ళడం ఆవిడ పద్ధతి.

కట్టే ముందు ఒక తంతు ఉండేది. మేడం సంచిలోంచి ఒక నేత గుడ్డ ముక్క తీసి, రెండద్దాలూ ఓపిగ్గా తుడిచేవారు. వాళ్ళమ్మ పాత చీరలోంచి చింపుకున్న ముక్కట. ఎన్నిసార్లు ఉతికినా ఒక మూల చేపల వాసన వస్తుందని సిరి నా చెవిలో ఊదేది. తుడుస్తూ తుడుస్తూ ఆవిడ, "మసగ్గా ఉంటే మామూలు మనుషులు కూడా దెయ్యాల్లాగే ఉంటారు. తుడిస్తే వాళ్ళూ మనలాగే..." అని ఎప్పటిలా సగంలో ఆపేవారు.

మొదట చూపించింది ఎక్కడో విదేశంలో తీసిన క్లాసు. పసుపు జుట్టు పిల్లలు, గుండ్రటి బల్లలు. మా పిల్ల సినిమాకి వచ్చినట్టు కాళ్ళూపుకుంటూ చూసింది. బెదురు లేదు, బెరుకు లేదు. మేడం కారణం అడిగితే నా చెవిలో చెప్పింది, నేను వీలైనంత సన్నగా పైకి చెప్పాను:

"ఆల్లకి నాను తెల్దు కదా. నవ్వినా ఇంగ్లీసులోనే నవ్వుతారు."

మేడం చాలాసేపు నవ్వారు. నవ్వయ్యాక డబ్బా సంచిలో పెట్టేసి, "మనవాళ్ళనే తీయాలి" అన్నారు.

ఎవరో స్నేహితురాలు పనిచేసే ఇంజినీరింగ్ కాలేజీనుంచి, చుట్టూ ఒకేసారి తీసే బంతిలాంటి కెమెరా అరువు తెచ్చుకున్నారు. తన ఊరి బళ్ళోనూ, ఆ పిల్లల ఇళ్ళల్లోనూ అడిగి, ఒప్పించి, అక్కడి క్లాసు తీశారు. వచ్చే వారం గర్వంగా తెచ్చి మాకు కట్టి చూపించారు. ముందు నేను చూశాను. ఏం చెప్పమంటారు! టీచరమ్మ పట్టుచీర కట్టుకుంది. జడలో కనకాంబరాలు. పిల్లలంతా కొత్త బట్టలు, మొహాలకి తెల్లగా పౌడరు, చేతులు కట్టుకుని కెమెరా వంకే కళ్ళార్పకుండా చూస్తున్నారు. బల్లలకి రంగు కాగితాల తోరణం కూడా కట్టారు. సిరి చూసి నా చెవిలో అంది:

"ఇయ్యాల ఆల్లకి జెండా పండగా?"

మేడం నెత్తి కొట్టుకున్నారు. వీడియో తీస్తామని ముందురోజు చెప్పడమే తప్పయింది. మా ప్రాంతంలో వీడియో అంటే పెళ్ళి వీడియోయే. అందులో మాసిన చీరతో కనిపించడానికి ఎవరొప్పుకుంటారు? "మాయమ్మ కూడా తలకి నూనె రాసుకుని వొచ్చి కిటికీ దగ్గర నిలబడింది సూడండి" అని యాసలో పడిపోయి చూపించారు. నిజమే. కిటికీ ఊచల అవతల, తల మీద ఖాళీ చేపల బుట్టతో ఒక ముసలావిడ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది.

రెండోసారి మేడం తెలివైన పని చేశారు. కెమెరాని ఒక ఖాళీ బెంచీ మీద, ఇటుకల మీద నిలబెట్టి, ఏమీ తీయకుండా రోజుల తరబడి వదిలేశారు. మొదట దాని చుట్టూ మూగిన పిల్లలు, కొన్నాళ్ళకి దానికి బ్యాగులు తగిలించడం మొదలుపెట్టారట. అప్పుడు తీశారు. ఈసారి అచ్చమైన క్లాసు. ఒకడు తల గోక్కుంటున్నాడు, ఇద్దరు రబ్బరు కోసం కొట్టుకుంటున్నారు, టీచరమ్మ మామూలు చీరలో, చేతినిండా సుద్దపొడితో. మధ్యలో ఆవిడ కెమెరా ఉన్న బెంచీ వైపు తిరిగి "ఏటమ్మా?" అని అడుగుతుంది. ఆ బెంచీలో కూర్చున్నది చూసేవాళ్ళే కాబట్టి, అడిగింది మనల్నే అనిపిస్తుంది. అంతలో క్లాసంతా తల తిప్పి మనకేసి చూస్తుంది. కుట్టుమిషను దగ్గర ఊరందర్నీ దులిపే నేనే చప్పున తల దించేసుకున్నాను.

ఇదే అసలు క్లాసని సిరికి చూడగానే తెలిసిపోయింది. డబ్బా లాగి పడేసింది. ఆ రోజుకి అంతే. తర్వాతినుంచి ఖాళీ క్లాసు, తలలు వంచుకుని రాసుకునే క్లాసు, ఇలా మెల్లగా ఎక్కించుకుంటూ వచ్చారు. భయం వేసినప్పుడు సిరి చెయ్యి ఎత్తితే మేడం వెంటనే తీసేసేవారు. ఎందుకు తీయించావని ఒక్కసారీ అడగలేదు. "ఏటమ్మా" దగ్గరకి రావడానికి దసరా నుంచి ధనుర్మాసం దాకా పట్టింది. ఈలోగా సీసా మాత్రం నిండుగానే వస్తోంది. నాకు నిద్ర పట్టేది కాదు. మళ్ళీ సెలైను, మళ్ళీ ఆ సూది, ఈసారి ఆ డాక్టరు ఏమంటాడో అని.

ఆ రోజు బాగా గుర్తు. మేడం, సిరి పందెం వేసుకుని గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగారు. అద్దాలు తుడిచి డబ్బా కట్టారు. ఫోన్లోంచి క్లాసు గోల నాకూ వినపడుతోంది. టీచరమ్మ గొంతు: "ఏటమ్మా?" సిరి కాళ్ళు రెండూ దగ్గరగా నొక్కుకుంది. వేళ్ళు కుర్చీ అంచుని పట్టుకున్నాయి.

"మేడమ్... ఒంటేలుకి."

నా చెవిలో కాదు. పైకే. బయటి మనిషి ఉన్న గదిలో!

డబ్బాలో టీచరమ్మకి ఇదంతా ఏం తెలుసు? ఎప్పుడో తీసిన బొమ్మాయె. ఆవిడ బోర్డువైపు తిరిగి "పుస్తకాలు తియ్యండర్రా" అంది. సిరి ఈసారి గట్టిగా, "మేడమ్, ఒంటేలుకి!" అంది. కూర్చున్నచోటే అటూ ఇటూ కదులుతోంది. అప్పుడు మా మేడం లేచి నిలబడి, కింద రోడ్డు మీదకి వినపడేలా అరిచారు:

"ఎల్లమ్మా ఎల్లు! బేగెల్లు!"

సిరి డబ్బా ఊడదీసి మేడం చేతిలో పెట్టి బాత్రూంలోకి లగెత్తింది. దానికి నిజంగానే వచ్చింది మరి. మేడం, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లోపల నీళ్ళు పోసుకున్న చప్పుడు వినపడేదాకా ఇద్దరం కదల్లేదు. ఆ తర్వాత పగలబడి నవ్వాం.

బయటికొచ్చి సిరి తనే చెప్పింది. నాకు కాదు, మేడంకి, కిటికీవైపు చూస్తూ. కొత్త బళ్ళో చేరిన నెలలో, క్లాసులో లేచి నిలబడి ఇంట్లో అన్నట్టే అడిగిందట. ఒంటేలుకి అని, ఒంటివేలు చూపించి. క్లాసంతా గొల్లుమంది. టీచరు ఇంగ్లీషులో అడగమంది. ఆ ఇంగ్లీషు వాక్యం దీనికి వచ్చు. కానీ నవ్వులో నోరు పెగల్లేదు. నిలబడ్డచోటే నేల తడిసింది. ఆనాటినుంచి దానికి బళ్ళో పేరు సిరి కాదు. ఒంటేలు. రోజూ ఆ పేరుతోనే పిలుస్తారట. నీళ్ళు తాగితే అడగాల్సొస్తుంది, అడిగితే ఆ మాట అనాల్సొస్తుంది.

"రేపే ఎల్తాను. ఆ బడిని దులిపి సాప సుట్టేస్తాను" అని లేచాను.

"మీరెళ్తే మీరు గెలుస్తారండీ," అన్నారు మేడం. "అడగాల్సింది సిరి కదా. మాట కూడా ఇదే ఉంచుదాం. ఇందులో తప్పేముంది? మా ఊళ్ళో అందరం ఇదే..."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేనేమో అడక్కముందే పెట్టే రకం. కూర్చున్నాను. టీచరుతో మాత్రం తానే మాట్లాడతానన్నారు మేడం. ఆ మాట అంటూ ఆవిడ చేతిసంచి గుండెలకి హత్తుకున్నారు.

అదెందుకో తర్వాతి వారం తెలిసింది. ముందు రైలుకి వచ్చేశాం. సిరి కింద కొట్టు దగ్గర రంగు రిబ్బన్లు చూస్తూ నిలబడితే, నేను మెట్లెక్కాను. తలుపు ఓరగా ఉంది. లోపల మేడం కళ్ళడబ్బా తానే కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా ఎవరూ లేరు.

"ఆపండి," అంటున్నారు. "కొంచెం ఆపండి... ఇక్కడ దిగాలండీ."

ఫోన్లోంచి బస్సు మోత, కండక్టరు ఈల. నాకు ఒక్కసారిగా వెలిగింది. మేడ ముందు బస్సు తనంతట తాను ఆగదు, ఆపమంటే ఆగుతుంది. ఈవిడకి ఆపమనడం రాదు. అందుకే కాంప్లెక్సు దాకా పోయి, దిగి, ఎండలో వెనక్కి నడిచొస్తున్నారు. వారం వారం!

నా అలికిడికి డబ్బా తీసి నన్ను చూశారు. మొహం కందగడ్డ అయిపోయింది.

"అందరూ ఎనక్కి తిరిగి సూస్తారండి," అన్నారు. యాస వచ్చేసింది, గొంతూ వచ్చేసింది. "మాయమ్మ సేపలమ్మితే మూడు వీధులు లేసి కూకునేవి. నన్నూ కేకెయ్యమనేది. నాకు నోరు పెగిలీది కాదు. ఇంటికి సరిపడా మాటలన్నీ మాయమ్మే వాడేసేది, నా వంతు మిగిలితే కదా!"

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే సిరి గుర్తొచ్చి నవ్వాగిపోయింది. అయినా నా నోరు ఊరుకోదు కదా, అడిగేశాను.

"మరి మీకే రాంది మా గుంటకేటి నేర్పుతారు మేడం?"

"నేర్పట్లేదండి. ఇద్దరం కలిసి నేర్చుకుంతన్నాం," అన్నారావిడ డబ్బా అద్దాలు తుడుస్తూ. "సిరి నాకన్నా ముందున్నాది."

ఇలాంటి మనిషి బడికొచ్చి ఏం మాట్లాడతారోనని నాకు గుబులు. అనుకున్నంతా అయింది. సాయంత్రం బడి వదిలాక, ఖాళీ క్లాసులో టీచరు ముందు నిలబడి "నమస్తే అండీ, సిరి విషయంలో..." దగ్గర మేడం ఆగిపోయారు. ఎంతకీ ముందుకి సాగలేదు. నేను అందుకోబోతే కళ్ళతోనే వద్దన్నారు. సంచిలోంచి గుడ్డ తీసి, అద్దాలు తుడిచి, కళ్ళడబ్బా ఆ టీచరు చేతికిచ్చారు.

టీచరు చిన్నపిల్ల, ఇరవై మూడో నాలుగో ఉంటాయి. అనుమానంగానే కట్టుకుంది. అటూ ఇటూ తల తిప్పింది, ఆడుతున్నట్టు నవ్వింది కూడా. కాసేపటికి డబ్బాలో "ఏటమ్మా?" వినపడింది. క్లాసంతా తనకేసి తిరిగి ఉంటుంది. ఆ అమ్మాయి తల వెనక్కి జరిగింది. చెయ్యి దానంతటదే గొంతు మీదకి వెళ్ళింది. డబ్బా తీసి, ఎదురుగా ఉన్న ఖాళీ బెంచీల వైపు చూసింది.

"కింద బెంచీలోంచి మేం ఇంత ఎత్తుగా కనిపిస్తామా?" అని అడిగింది.

మేడం తల ఊపారు. వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలు అంతే. మర్నాటినుంచి ఆ క్లాసులో ఎవరు ఏ భాషలో అడిగినా వెళ్ళొచ్చని, పేర్లు పెట్టి వెక్కిరిస్తే ఊరుకునేది లేదని ఆ అమ్మాయి చెప్పిందట. సిరి చేత ముందు ఖాళీ క్లాసులో, తర్వాత ఇద్దరు స్నేహితురాళ్ళని కూర్చోబెట్టి అడిగించింది. మంచి పిల్ల. ఊరికే దులపబోయాను.

ఐనా సంక్రాంతి సెలవుల దాకా సీసా కాస్త మాత్రమే తగ్గి వచ్చేది. సెలవులయ్యాక ఒకరోజు బడినుంచి ఫోను. టీచరు రమ్మంటోందట. కుడుతున్న జాకెట్టు సూది కిందే వదిలేసి పరిగెత్తాను. మళ్ళీ నేల తడిసిందా, జ్వరమా, ఏమైంది అని దారిపొడవునా ఒకటే ఆలోచన.

టీచరు చిరాగ్గా ఉంది.

"మీ అమ్మాయితో వేగలేకపోతున్నానండీ. పాఠం మొదలెడితే చాలు, లేచి నిలబడుతుంది. ఇందాకే కదా వెళ్ళొచ్చావంటే, మళ్ళీ వచ్చిందంటుంది. దాన్ని చూసి మిగతావాళ్ళూ మొదలెట్టారు. క్లాసు సంతయిపోయింది."

"ఏటని అడుగుతందండీ?"

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అదేనండీ... ఒంటేలుకి అని."

"పైకేనా?"

"పైకేనా ఏమిటండీ, ఆ కేకకి పక్క క్లాసువాళ్ళు కూడా పలుకుతున్నారు!"

నేను ఆ టీచరు రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ కంగారు పడి, "అయ్యో, పెద్ద కంప్లైంటేం కాదండీ, ఊరికే చెప్దామని" అంది. "కంప్లైంటే సెయ్యండమ్మా, రోజూ సెయ్యండి, మీకు పున్నెముంటాది" అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఇంటికొచ్చేదాకా నా కాళ్ళు నేల మీద లేవు. మా అత్తగారికి చెబితే, "వస ఇప్పుడు పారింది" అని మెటికలు విరిచింది.

సాయంత్రం మేడంకి మెసేజ్ పెట్టాను. ఆవిడ ఫోను చేసే మనిషి కాదు. మనం చేసినా ఎత్తరు, తర్వాత మెసేజ్‌లో క్షమాపణ చెబుతారు. అలాంటిది నిమిషం తిరక్కుండా నా ఫోను మోగింది. ఎత్తితే అవతల ఊపిరి తప్ప మాట లేదు.

"మేడం? మీరేనా?"

"మళ్లీ సెప్పండి," అన్నారు. "టీచరేటన్నాది? మొత్తం సెప్పండి."

మొత్తం చెప్పాను. పక్క క్లాసు దగ్గరకొచ్చేసరికి అవతల నవ్వు మొదలైంది. మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పాను. ఇద్దరం నవ్వి నవ్వి ఆయాసపడ్డాం. అప్పుడు మేడం అన్నారు:

"నాను కూడా ఇయ్యాల ఆపమన్నానండి."

"ఓలమ్మ! బస్సునే? ఆగిందా?"

"ఆగింది. అందరూ తిరిగి సూసినారు కూడా. కాని ఏటైందంటే, కంగార్లో ముందు స్టాపులోనే అనేసినాను. పెట్రోలు బంకు కాడ దిగిపోయి, అక్కణ్ణుంచి నడుసుకుంటా వొచ్చినాను."

"మరి సెప్పొద్దా, ఇది కాదు, తర్వాతి స్టాపని?"

"అయ్ బాబోయ్," అన్నారు మేడం, "ఒక్కరోజులో రెండు మాటలేటండీ!"

నేను మిషను మీద తల ఆనించి నవ్వుతుంటే, లోపల్నుంచి మా పిల్ల కేక వినపడింది. అచ్చం నా గొంతే. రైలు గేటు అవతలికి కచ్చితంగా వినపడుంటుంది.

"అమ్మా! నీల్ల సీసా కాళీ అయిపోనాది, నింపీయే!"